ప్రళయకావేరి దీవుల పలుకు



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ సభలో చాలామందే ఉన్నారు. తరగతిలో ఏ పిల్లవాడైనా ఇంట్లో మాట్లాడే మాట నోరుజారి పలికితే తక్కిన పిల్లల్ని ఆయన నవ్వనిచ్చేవారు కాదు. ఆ మాటను బోర్డు మీద రాసి, “మీ ఊళ్ళో దీన్ని ఏమంటార్రా?” అని బెంచీ బెంచీకీ తిరిగి అడిగేవారు. మదనపల్లె పక్క పిల్లవాడు ఒకటి చెప్పేవాడు, సత్యవేడు పిల్ల ఇంకొకటి చెప్పేది, పలమనేరు నుంచి వచ్చినవాడు మూడోది. గంట కొట్టేసరికి బోర్డు నిండిపోయేది. ఆయన స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు ఆ బోర్డు మీదికి ఎన్నడూ ఎక్కని ఒక చోటి గురించి చెప్పాలనిపించింది. అది పులికాట్ సరస్సు. మన పెద్దల నోట ప్రళయకావేరి.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు మనకు ఒక సముద్రతీరం కలిసింది. అంతవరకూ నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట, తడ, దొరవారిసత్రం మనవయ్యాయి. వాటితోపాటు సరస్సులో పెద్ద భాగమూ, అందులోని దీవులూ మనవయ్యాయి. కాగితాల మీద జరిగిన ఈ మార్పు మన మనసుల్లో ఇంకా జరగలేదు. జిల్లా అనగానే మనకు ఏడుకొండలు, కాళహస్తి, చంద్రగిరి కోట, తలకోన గుర్తొస్తాయి. నీళ్ళ మధ్య బతికే మనుషులు కూడా మన జిల్లావాళ్ళేనన్న సంగతి గుర్తు రావడానికి ఇంకా కొంతకాలం పట్టేట్టుంది.

చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. బంగాళాఖాతానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట పొడుగాటి ఇసుక గోడలాగా అడ్డం పడుకుని ఉంటుంది. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్ళు తెస్తాయి, సరస్సు సముద్రంలోకి తెరుచుకునే మొగల గుండా సముద్రం ఉప్పునీళ్ళు పంపుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండుతుంది, ఎండాకాలంలో ఇగిరిపోయి కొన్నిచోట్ల సముద్రం కన్నా ఉప్పెక్కుతుంది. చాలా భాగంలో మనిషి నడుము లోతు కూడా ఉండదు. అందుకే ఇక్కడి పడవకు తెడ్డు కన్నా గెడ ముఖ్యం. రొయ్యకూ చేపకూ ఇది పురిటిల్లు. ఆ రొయ్యల కోసం, చేపల కోసం పక్షులూ, మనుషులూ వచ్చారు. తడ మండలంలోని ఇరకం, ఉత్తరాన వేనాడు, ఇంకా కొన్ని తిప్పలు అలా ఊళ్ళయ్యాయి. వేనాడు దర్గాలో గంధం ఉత్సవం జరిగితే చుట్టుపక్కల పల్లెల హిందువులూ, ముస్లిములూ కలిసి వెళతారు. ఒడ్డున సూళ్ళూరుపేటలో కాళంగి పక్కన చెంగాళమ్మ గుడి ఉంది. ఆ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు. రాకెట్టు ఎగరేసే ముందు శాస్త్రవేత్తలు కూడా వచ్చి ఆ తల్లికి దండం పెట్టుకుని వెళతారు.

సరస్సు చరిత్ర చదువుతుంటే నాకు ఒక సంగతి పదేపదే కనబడింది. బయటినుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ ఏదో ఒకటి తీసుకుపోవడానికే వచ్చారు.

డచ్చివాళ్ళు 1613లో దక్షిణపు ఒడ్డున పులికాట్ ఊళ్ళో గెల్డ్రియా కోట కట్టారు. కోరమాండల్ తీరంలో వాళ్ళ వ్యాపారానికి అదే రాజధాని. ఇక్కడి రంగు బట్టలు ఓడలెక్కి ఆగ్నేయాసియా దీవులకు వెళ్ళేవి, అక్కడి మసాలా దినుసులకు ఇవే మారకం. ఈ తీరపు బట్టకు అంత పేరు తెచ్చిన ఎరుపు చిరివేరుది. ఇసుక నేలల్లో మొలిచే ఒక చిన్న మొక్క వేరు అది. శ్రీహరికోట అడవిలో దాన్ని తవ్వి తెచ్చినవాళ్ళు యానాది తెగవాళ్ళు. డచ్చి కంపెనీ లెక్కల పుస్తకాల్లో బట్టలున్నాయి, ధరలున్నాయి. వేరు తవ్విన చేతుల ప్రస్తావన మాత్రం మనకు ఎక్కడో అరుదుగా దొరుకుతుంది. ఇంగ్లీషువాళ్ళు 1626లో సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నం దగ్గర గిడ్డంగి పెట్టుకున్నారు. అక్కడ సరిపడక కొన్నేళ్ళకు దక్షిణానికి కదిలి మద్రాసు కట్టుకున్నారు. మద్రాసు పెరిగింది, పొయ్యిలు పెరిగాయి, వాటికి కట్టెలు కావలసి వచ్చాయి. శ్రీహరికోట అడవి నరికి బకింగ్‌హామ్ కాలువ వెంట పడవల్లో మద్రాసుకు చేరవేశారు. 1835లో ఆ దీవిని కుంఫిణీ ప్రభుత్వం చేతిలోకి తీసుకున్న తర్వాత యానాదులు తేనె, చిరివేరు, చిల్లగింజలు, కుంకుళ్ళు తెచ్చి అప్పజెప్పి, బదులుగా తిండిగింజలూ, బట్టా తీసుకునే ఏర్పాటు చాలాకాలం నడిచింది.

తర్వాత రాకెట్లు వచ్చాయి. 1969లో శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు అక్కణ్ణించి లేచింది. చంద్రయాన్-3 ప్రయోగం నాడు దేశమంతా ఇటే చూసింది. అది మనందరికీ గర్వకారణం, నాకూను. అయితే ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాది కుటుంబాలు ఆ నేల విడిచి వేరేచోట గుడిసెలు వేసుకున్న చరిత్ర కూడా ఆ గర్వం పక్కనే ఉంది. రెండూ కలిపి చెప్పకపోతే అది సగం చరిత్రే.

యానాదుల గురించి రాసినవాళ్ళు లేకపోలేదు. 1901లో మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో టి. రంగారావు నెల్లూరు జిల్లా యానాదుల మీద విపులంగా రాశారు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గ్రంథంలో దాన్ని వాడుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. నేరజాతుల చట్టం ముద్ర నుంచి ఆదిమ తెగలను విడిపించడానికి జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. ఆయనంటే నాకు అపారమైన గౌరవం. అయినా ఈ పుస్తకాలన్నీ యానాది ఎలా ఉంటాడో, ఏం తింటాడో, ఎలా పెళ్ళి చేసుకుంటాడో ఇంగ్లీషులో చెప్పేవి. యానాది ఎలా మాట్లాడతాడో వినిపించేవి కావు. తీరాన్ని చూసి వెళ్ళినవాళ్ళకు బట్టలు కావలసివచ్చాయి, కట్టెలు కావలసివచ్చాయి, ఆకాశానికి దారి కావలసివచ్చింది. మాట ఎవరికీ కావలసిరాలేదు.

ఆ మాట కావాలనుకున్న తెలుగు పుస్తకం మనకు ఒకటి ఉంది. స.వెం.రమేశ్ రాసిన ‘ప్రళయకావేరి కథలు’. ఆ దీవుల్లో గడిచిన బాల్యాన్ని ఆ దీవుల తెలుగులోనే చెప్పిన కథలవి. తాతా అవ్వల సావాసం, ఆటలు, పంటలు, చేపలు, పక్షులు, పడవలు, వానలు ఎదురొస్తాయి. ఇవన్నీ ఆ మనుషులు పిలుచుకునే పేర్లతోనే ఉంటాయి. తెలుగు పాఠకుడికి కూడా కొన్నిచోట్ల అడుగు ఆపి వెనక్కి వెళ్ళి చదువుకోవలసి వస్తుంది. ఆ ఆగడం మంచిదేనని నేను అనుకుంటాను. ఇక్కడి పల్లె తెలుగును చంకనెత్తుకున్న నామినిగారి మిట్టూరు కథలు, పులికంటి కృష్ణారెడ్డిగారి కథలూ పాటలూ లేకపోతే మన జిల్లా మాట గుండెల నిండా గాలి పీల్చుకుని అచ్చులోకి వచ్చేది కాదు. అదే కోవలో రమేశ్ సరస్సును తెచ్చారు. విద్యార్థులు ఆ పుస్తకం చదవాలి. చదవడంతో సరిపెట్టుకోకూడదు కూడాను. ఎందుకంటే ఒక పుస్తకం ఎంత గొప్పదైనా అది ఒక మనిషి వినికిడే. సరస్సులో ఇంకా వేలమంది నోళ్ళున్నాయి.

ఆ నోళ్ళు రెండు భాషల్లో ఆడతాయి. ప్రళయకావేరి స్వచ్ఛమైన తెలుగు దీవి అని చెప్పి మిమ్మల్ని మురిపించను. తీరం వెంట పట్టపు బెస్తల ఇళ్ళలో తమిళం వినబడుతుంది, యానాదుల ఇళ్ళలో తెలుగు వినబడుతుంది, సంతలో రెండూ ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు ప్రకారం ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు మారి తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. మనకు ఇది పాఠాల్లో ఉన్న సంగతి. నీళ్ళ మీద ఎవరూ గీత గీయలేరు కాబట్టి సరస్సు మీద ఆ గీత ఇప్పటికీ తగవులాటగానే ఉంది. వేట సరిహద్దు దగ్గర అటువాళ్ళూ ఇటువాళ్ళూ గొడవపడ్డ రోజులు చాలా ఉన్నాయి. బడుల్లో మాత్రం గీత గట్టిగా పడింది. తమిళనాడులో 2006 చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యింది. పొన్నేరి, గుమ్మిడిపూండి పక్క తెలుగిళ్ళ పిల్లలకు ఇంటిమాట చదవడం రాయడం రాకుండా పోతున్నది. ఇటువైపు తమిళం మాట్లాడే పిల్లవాడికి చాలాచోట్ల మన బడిలో తన ఇంటిమాటకు చోటు లేదు. అటు జరుగుతున్నదానికి బాధపడే హక్కు మనకు కావాలంటే ఇటు జరుగుతున్నదాన్ని చూడగలగాలి.

తెలుగు చచ్చిపోతుందా అని అడిగేవాళ్ళకు నా జవాబు: 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. ఇంత పెద్ద భాష మన జీవితకాలంలో చావదు. అసలు ప్రమాదం ఆ అంకెలోనే దాగి ఉంది. ఇరకం దీవిలో ఒక అవ్వ పోతే ఆమెతోపాటు పోయిన మాటలు ఏ లెక్కలోనూ తగ్గుదలగా కనబడవు. ఆమె మనవడు చెన్నైలో సెక్యూరిటీ గార్డుగా ఉంటూ టీవీ తెలుగు మాట్లాడినా లెక్కలో తెలుగువాడే. చిన్న భాష తగ్గితే ప్రపంచం గోల చేస్తుంది. పెద్ద భాష అంచులు అరిగిపోతే ఎవరికీ తెలియదు.

చిన్న భాష సంగతి వచ్చింది గనక ఐర్లండుకు ఒకసారి వెళ్ళొద్దాం. 1937 రాజ్యాంగంలో ఐరిష్ ఆ దేశపు మొదటి అధికార భాష. 2007 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాష కూడా. అంత హోదా ఉండీ, 2022 లెక్కల్లో బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడతామని చెప్పినవాళ్ళు 72 వేలమంది. ఇంగ్లీషు సముద్రం మధ్య ఆ భాష చాలాకాలం ఇంటి భాషగా నిలిచిన చోట్లలో కొన్ని నిజంగానే సముద్రం మధ్య ఉన్న దీవులు. వాటిలో రెండింటి కథ మనకు పనికొస్తుంది.

మొదటిది గ్రేట్ బ్లాస్కెట్. పడమటి తీరానికి ఎదురుగా ఉన్న రాతి దీవి. ఎన్నడూ రెండువందల మందికి మించి జనం లేని ఆ దీవి నుంచి ఇరవయ్యో శతాబ్దంలో ఐరిష్ సాహిత్యానికి మకుటాయమానమైన పుస్తకాలు వచ్చాయి. తొమాస్ ఓ క్రిహిన్ అనే బెస్తవాడు 1929లో తన జీవితకథ ప్రచురించాడు. తన బతుకు పుస్తకమవుతుందని ఆయనకు మొదట నమ్మకం లేదు. భాష నేర్చుకోవడానికి దీవికి వచ్చిన ఒక చదువుకున్న మిత్రుడు గోర్కీ రచనలు, ఒక ఫ్రెంచి రచయిత మత్స్యకారుల మీద రాసిన నవల ఆయనకు చదివి వినిపించాడు. పేదవాళ్ళ బతుకులు కూడా పుస్తకాలవుతాయని తెలిసి తొమాస్ రాయడం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత పెగ్ సేయర్స్ అనే కథలమ్మ చెప్పగా కొడుకు రాసిన జీవితకథ వచ్చింది. లండన్ బ్రిటిష్ మ్యూజియం నుంచి, నార్వే నుంచి పండితులు వచ్చి ఆ బెస్త ఇళ్ళలో అతిథులుగా ఉండి భాష నేర్చుకుని వెళ్ళారు. అంత పేరొచ్చింది. అయినా దీవికి వైద్యుడు లేడు, బడి మూతపడింది, పడుచువాళ్ళు అమెరికా వెళ్ళిపోయారు. 1953 నవంబరు 17న ప్రభుత్వం మిగిలిన కొద్దిమందినీ ఒడ్డుకు చేర్చి దీవిని ఖాళీ చేసింది. ఇప్పుడు ఎదుటి ఒడ్డున చక్కని మ్యూజియం ఉంది, 1993లో తెరిచారు. దీవిలో చూడ్డానికి మొండి గోడలున్నాయి.

రెండోది కేప్ క్లియర్. ఐర్లండు దక్షిణపు కొస దీవి, పడవలో ముప్పావు గంట దారి. 1840ల కరువుకు ముందు అక్కడ వెయ్యికి పైగా జనం. ఇప్పుడు నూరు దాటి కొద్దిమంది. అది కూడా ఖాళీ కావలసిన దీవే. 1959లో పక్షుల్ని గమనించే కేంద్రం ఒకటి పెట్టారు. వలస పక్షుల కోసం వచ్చే జనంతో ఆ దీవి పేరు బయటికి తెలిసింది. 1969లో దీవివాళ్ళు తమ సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. 1994 నుంచి ఏటా సెప్టెంబరులో కథలు చెప్పే పండగ జరుగుతున్నది. ఇన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నవి వేసవి భాషా శిబిరాలు. ఇంగ్లీషు మాట్లాడే పట్టణాల పిల్లలు సెలవుల్లో మూడేసి వారాలు ఐరిష్ మాట్లాడే ఇళ్ళలో ఉంటారు. అన్నం పెట్టేటప్పుడు, ఆడుకునేటప్పుడు, పడుకునే ముందు దండం పెట్టుకునేటప్పుడు ఐరిషే మాట్లాడాలి. ఇంగ్లీషు వాడితే ఇంటికి పంపేసే శిబిరాలున్నాయి. పిల్లల్ని పెట్టుకున్న ఇల్లాలికి రాత్రికి ఇంత అని ప్రభుత్వం డబ్బు కడుతుంది. అంటే ఆ ఇల్లాలు పిల్లలకు వండిపెట్టడంతోపాటు భాష చెబుతున్న గురువు కూడా. ఆమె మాటకు ధర ఉంది, గౌరవం ఉంది. ఆమె కూతురు ఆ భాషను సిగ్గుపడి దాచుకోవలసిన పని లేదు.

ఒక దీవి పుస్తకాలిచ్చి ఖాళీ అయింది. ఇంకొక దీవి తన మాటనే జీవనాధారం చేసుకుని, కష్టపడుతూనైనా, నిలిచి ఉంది. మన ప్రళయకావేరికి ఏ దారి కావాలో మనం ఇప్పుడు తేల్చుకోవాలి. పుస్తకం మనకు వచ్చేసింది. పక్షులూ ఉన్నాయి. మూడోది, మాటనే జీవనాధారం చేసుకునే దారి, కావాలి.

పక్షుల విషయంలో మనం తక్కువ చెయ్యలేదు. 1976లో పులికాట్‌నూ, దొరవారిసత్రం దగ్గర నేలపట్టునూ అభయారణ్యాలు చేశారు. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు ఎరువని ఆ ఊరి రైతులు చట్టం రాకముందు నుంచే వాటిని కాపాడుకున్నారు. అక్టోబరు నుంచి మార్చి దాకా రాజహంసలు, కొంగలు, బాతులు వేల లెక్కన సరస్సులో దిగుతాయి. 2001లో మొదలైన ఫ్లెమింగో పండగ నడుమ కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. ఇటు సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును చీల్చుకుని వెళ్ళే రోడ్డు, అటు భీములవారిపాళెంలో పడవలు, శ్రీహరికోటలో 2019 నుంచి జనం కూచుని రాకెట్టు ప్రయోగం చూసే గ్యాలరీ ఉన్నాయి. రేణిగుంటలో విమానం దిగినవాళ్ళకూ, చెన్నై నుంచి కారులో వచ్చేవాళ్ళకూ సరస్సు దూరం కాదు. తిరుమలకు వచ్చే లక్షలాది జనంలో నూటికి ఒకరు ఇటు తిరిగినా ఇది పెద్ద విహారస్థలం అవుతుంది.

భీములవారిపాళెం రేవులో నేను విన్నది ఒకటి చెబుతాను. పడవ నడిపే పెద్దాయన, ఆయన పక్కన కూచున్న తమ్ముడి వరస మనిషి వలల గురించి మాట్లాడుకుంటున్నారు. పాడు ఎవరికి వచ్చింది, నీళ్ళు ఎక్కడ లాగుతున్నాయి, ఎండ్రకాయ ఏ పక్క పడుతున్నది అని. పాడు అంటే మీకు తెలియకపోవచ్చు. సరస్సులో మంచి వేట దొరికే చోట్లను ఊరివాళ్ళు చీట్లేసి వంతులవారీగా పంచుకునే పద్ధతి అది. బలమున్నవాడు మంచి చోటు ఆక్రమించకుండా తరాల నాడు పెద్దలు చేసిన కట్టుబాటు. ఇటువంటి పద్ధతి శ్రీలంక తీరంలో కూడా ఉంది. మన ఆర్థికశాస్త్ర విద్యార్థులు ఎక్కడో ఉన్న దేశాల ఉమ్మడి వనరుల గురించి చదువుతారు, ఇంటి పక్కన ఉన్న పాడు గురించి వినరు. సరే. ఆ ఇద్దరి మాటా ఏటి నీళ్ళలాగా జారిపోతున్నది, నాకు సగమే అందుతున్నది. అంతలో హైదరాబాదు కుటుంబం ఒకటి పడవెక్కింది. పెద్దాయన గొంతే మారిపోయింది. “సార్, ఫ్లెమింగో బర్డ్స్ అటు సైడు ఉంటాయి సార్, ఫోటో తీసుకోండి సార్” అన్నాడు. ఆ పడవలో గంటసేపు అంతే. ఆయన తప్పేమీ లేదు. వచ్చినవాడికి అర్థం కావాలని మాట మార్చుకున్నాడు. కానీ ఆ గంటలో వచ్చినవాళ్ళకు ఆయన ఇవ్వగలిగిన దానిలో అతి విలువైనది ఆయన దాచేసుకోవలసి వచ్చింది. ఆయనతోపాటు పడవ మీద ఉన్న మనవడు తాత మాటకు బయట విలువ లేదన్న పాఠం నేర్చుకున్నాడు. మనం నడుపుతున్న విహారం ఇలా ఉంది.

సరస్సులో లోతు తక్కువ చోట్ల ఆడవాళ్ళు చేత్తోనే రొయ్యలు పడతారు. నీళ్ళలో మోకాళ్ళ మీద కూచుని, రెండు అరచేతులతో అడుగు బురదను మెల్లగా తడుముకుంటూ ముందుకు పాకుతారు. తాటాకు బుట్ట అంచును పళ్ళతో కరిచి పట్టుకుంటారు. వేళ్ళకు తగిలినది గుల్లా, రాయా, రొయ్యా, ముల్లున్న చేపా అని చూడకుండానే తెలుస్తుంది వాళ్ళకు. దొరికినదాన్ని గడ్డం కింద వేలాడే బుట్టలో పడేస్తారు. నోరు మూసుకుని చేసే పని అది. గట్టు మీదికి వచ్చి బుట్ట దించాక వాళ్ళు చెప్పుకునే మాటల్లో బురద రకాలు, నీటి రకాలు, చంద్రుణ్ణి బట్టి పోటూ పాటూ, ఏ రుతువులో ఏ రొయ్య ఎక్కడ దాగుతుందో అన్నీ వస్తాయి. ఒక జీవశాస్త్ర పరిశోధకుడికి ఇది గ్రంథాలయం. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి మాటలు ఏరి, ఏ మాట ఎక్కడిదాకా వాడుకలో ఉన్నదో లెక్కకట్టి తెలుగు మాండలికాల హద్దులు చూపారు. 1971లో చేనేత మాటల సంపుటం వచ్చింది. ప్రళయకావేరి ఆడవాళ్ళ బుట్ట పక్కన కూచుని ఆ పద్ధతిలో పని చెయ్యవలసిన బాధ్యత శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మీద, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం మీద ఉంది. రెండు భాషలూ కలిసే చోటు గనక ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఇంతకన్నా సొంత పని ఇంకోటి లేదు.

ఇక విహారం. కేప్ క్లియర్‌ను అచ్చుగుద్దినట్టు ఇక్కడికి తేవాలని నేను అనడం లేదు. అక్కడి దీవివాళ్ళకు భూములూ ఇళ్ళూ ఉన్నాయి, వెనక ప్రభుత్వపు డబ్బుంది. ఇక్కడి యానాదికి చాలాచోట్ల గుడిసె కింద నేల కూడా తనది కాదు. రిసార్టులు కట్టేవాళ్ళు ముందే వచ్చి తిప్పలు కొనేస్తే దీవివాడు తన ఊళ్ళోనే గదులు ఊడ్చే కూలీ అవుతాడు. యానాదుల్ని నిలబెట్టి ఆడించి పాడించి ఫోటోలు తీసుకునే పద్ధతి వస్తే అది అవమానం. అందుకే వరస ముఖ్యం. మొదట నేల పట్టాలు, పడవ నడిపే హక్కు దీవివాళ్ళ సంఘాలకు. తర్వాతే అతిథులు. సరస్సు బతికి ఉండటం అన్నిటికన్నా ముందు. రాయదొరువు, కొండూరుపాళెం మొగలు ఇసుక మేటవేసి పూడిపోతున్నాయని బెస్తవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. మొగ మూసుకుంటే పోటు లోపలికి రాదు, రొయ్య పిల్ల రాదు. రొయ్య లేకపోతే దీవిలో మనిషి ఉండడు. మనిషి లేని దీవిలో భాషను కాపాడటం గురించి సభలు పెట్టుకోవడం బ్లాస్కెట్ మ్యూజియం లాంటి పని.

ఇవి జరిగేలోపు, వీటికి అడ్డుపడకుండా, మనం చెయ్యగల పనులున్నాయి. తిరుపతి, చిత్తూరు, చెన్నై బడుల పిల్లలు రాజహంసల్ని చూసి గంటలో వెనుదిరిగే బదులు ఒక రాత్రి ఒడ్డు పల్లెల ఇళ్ళలో ఉండి, ఒక పూట పడవలో గెడ వెయ్యడం నేర్చుకోవచ్చు. ఆ పాఠం చెప్పే తాతకు, రొయ్య పట్టడం చూపే అవ్వకు గురువుకు ఇచ్చే భత్యం ఇవ్వాలి. దినకూలి కాదు, భత్యం. పిల్లలు ఆ మాటలు నోటుబుక్కులో రాసుకోవాలి, తెలుగులోనైనా తమిళంలోనైనా. ఆ నోటుబుక్కులు విశ్వవిద్యాలయానికి చేరాలి. అలా వచ్చిన పిల్లవాడు దీవి మనవడి ఎదుట తాత మాటను గౌరవంగా వింటే, దీవి మనవడు ఆ తాతను వేరే కళ్ళతో చూస్తాడు. నిధులు, పథకాలు చెయ్యలేని పని అది.

ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. వచ్చే ఏడాది ఈ స్మారకోపన్యాసాన్ని తిరుపతిలో కాక సూళ్ళూరుపేటలో పెట్టండి. వక్తగా పండితుణ్ణి పిలవకండి. ఇరకం నుంచో, వేనాడు నుంచో ఒక వేటపెద్దనూ, ఒక యానాది అవ్వనూ పిలవండి. రానూపోనూ పడవ ఖర్చూ, ఈ రోజు నాకిచ్చిన సంభావనా వాళ్ళిద్దరికీ ఇవ్వండి. వాళ్ళు తమ మాటలో మాట్లాడతారు, మనం రాసుకుందాం. నాకిచ్చిన సంభావనను దానికి మొదటి చందాగా ఇప్పుడే మీకు తిరిగి ఇస్తున్నాను.